జరిగినదా, చేసినదా?

నడక నేర్చుచున్న బిడ్డ గడప తగిలి బోర్లపడినప్పుడు మన యిండ్లలో జరుగు చికిత్స యొకటి కలదు. తల్లియో అమ్మమ్మయో పరుగున వచ్చి, బిడ్డను చంక కెత్తుకొని, అరచేతితో గడపను నాలుగు దెబ్బలు వేసి, "నా తండ్రిని పడవేసితివా, నీ పని చెప్పెద నుండుము" అని గద్దించును. బిడ్డ కన్నీటితోనే నవ్వును. ఆ వయస్సున కది తగిన మందే. ఏడాది బిడ్డకు కార్యకారణ విచారము చెప్పబూనుట వెఱ్ఱితనము. మా యాక్షేపణ గడపను కొట్టిన తల్లి మీద కాదు. నలువది యేండ్లు వచ్చిన పిమ్మటను, ఉద్యోగములు చేసి, సంసారములు నడపి, నలుగురకు బుద్ధులు చెప్పు పీఠములెక్కిన పిమ్మటను, పడినప్పుడెల్ల గడప కొఱకు చుట్టును వెదకు పెద్దవారి మీద.

ఇట్టి వెదుకులాటకు మన భాషయు కొంత తోడ్పడుచున్నది. తెలుగువాని యింట గిన్నె పగులును. దానిని ఎవరును పగులగొట్టరు. ఉత్తరము వేయుట మఱపునకు వచ్చును, ఎవరును మఱవరు. చేయి జారును, కాలు జారును, నోరు జారును. ఆ చేతికిని, ఆ కాలికిని, ఆ నోటికిని యజమానుడైన మనుష్యుడు మాత్రము జారక ఒడ్డున నిలుచుండును. కచేరీల సంగతి చెప్పనక్కఱలేదు. "పొరపాటు జరిగినది" అను వాక్యము లేనిచో మన ప్రభుత్వ కార్యాలయములలో సగము జాబులు వ్రాయుట కే సాధ్యపడదు. వాన కురిసినది, ప్రొద్దు గ్రుంకినది, పొరపాటు జరిగినది. మూడును ప్రకృతి చేష్టలే! వ్యాకరణమున కిందు దోషము లేదు. "పొరపాటు చేసితిని" అను రెండు మాటలును మన భాషలో నున్నవి. కొఱత భాషయందు కాదు, పలుకవలసిన నోటియందు.

మనుష్యుడు పెద్దవాడగుట యెప్పుడు? ఈ ప్రశ్నకు చట్టమునొద్ద సమాధానము సిద్ధముగా నున్నది. 1875 నాటి శాసనము ప్రకారము 18 ఏండ్లు నిండినవాడు ప్రాప్తవయస్కుడు. ఆస్తి నమ్మవచ్చును, ఒడంబడిక వ్రాయవచ్చును. నేరముల విషయమున 1860 నాటి శిక్షాస్మృతి ఏడేండ్ల లోపు శిశువు చేసిన పనిని నేరముగనే యెంచలేదు. ఏడు మొదలు పన్నెండేండ్ల వఱకు, తాను చేయుచున్న పని యొక్క స్వభావమును, ఫలమును గ్రహింపగల పరిపాకము లేనిచో ఆ బాలుని మీద నేరము నిలువదని చెప్పినది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితయు 20, 21 సెక్షనులలో ఈ హద్దులనే నిలుపుకొన్నది. ఇందలి తర్కము గమనింపదగినది. చట్టము బాలుని విడిచిపెట్టుచున్నది వాడు మంచివాడని కాదు. తన పని ఫలము వానికి తెలియదని. కావున ఫలము తెలిసియు, వయస్సు మీరియు, "నాకేమి తెలియును?" అనువాడు తన్ను తాను ఏడేండ్ల శిశువుగా ఒప్పుకొనుచున్నాడన్నమాట. ఆ మాటనే మఱియొకడు వాని మొగము మీద ననినచో మాత్రము పరువునష్టము దావా వేయును.

ఈ హద్దును మన పెద్దలు శిక్షాస్మృతికి ఎన్నియో శతాబ్దములకు ముందే ఆలోచించియుండిరి. మహాభారతము ఆదిపర్వమున మాండవ్యుని కథ కలదు. దీనిని సామాన్యముగా విదుర జన్మకారణముగా చెప్పి విడుతురు. కాని తప్పు, దాని బాధ్యత అను విషయమున ఇంతకంటె లోతైన కథను మేమెఱుగము. మాండవ్యుడు ఆశ్రమద్వారమున మౌనవ్రతుడై తపస్సు చేయుచుండగా దొంగలు కొందఱు దోచిన సొమ్ముతో వచ్చి ఆ యాశ్రమముననే దాగిరి. వెంట వచ్చిన రాజభటులు దొంగలెటు పోయిరని ముని నడిగిరి. ఆయన మౌనము వీడలేదు. భటులు వెదకిరి, సొమ్ము దొరకినది, దొంగలును దొరకిరి. మునియు వారి తోడివాడేయని తలచి రాజు నొద్దకు గొంపోయిరి. రాజాజ్ఞ ప్రకారము దొంగలతోపాటు మునిని కూడ శూలమున కెత్తిరి. తపోబలమున ఆయన ప్రాణములు పోలేదు.

నిజము తెలిసిన పిమ్మట రాజు చేసిన పనిని చూడుడు. ఆయన చెప్పుకొనదలచినచో సాకులకు లోటు లేదు. సొమ్ము ఆశ్రమమున దొరకినమాట నిజము. అడిగినప్పుడు ముని పలుకనిమాట నిజము. పట్టి తెచ్చినవారు భటులు, తాను వారి మాట మీద తీర్పు చెప్పినవాడు మాత్రమే. నేటి యే న్యాయవాదియైనను ఈ మూడు సంగతులతో రాజును నిర్దోషిగా నిలుపగలడు. రాజు వానిలో ఒక్కటియు నెత్తలేదు. తానే శూలమునొద్దకు వచ్చి, అజ్ఞానముచేత చేసిన అపరాధమును మన్నింపుమని వేడుకొనెను. మాండవ్యుడు మన్నించెను. కాని శూలము ఊడి రాలేదు. లాగి లాగి విసిగి, చివరకు మొదలంట కోయించిరి. శూలపు ముక్క దేహములో నుండగనే ఆయన లోకము సంచరించెను. అందువలననే ఆణిమాండవ్యుడను పేరు వచ్చినది. క్షమాపణ అడిగినారు, క్షమాపణ దొరకినది. ఇనుము మాత్రము లోపలనే యున్నది. "క్షమింపుమంటిని కదా, ఇంకను ఏల గొణుగుచున్నావు?" అని అడుగు మన మిత్రులు ఈ ఘట్టమును మఱియొకసారి చదువుట మంచిది.

కథ అంతటితో ముగియలేదు. మాండవ్యుడు యమధర్మరాజు నొద్దకు పోయి, ఏ పాపమునకు నాకీ శిక్షయని యడిగెను. చిన్ననాడు నీవు పురుగులను గడ్డిపోచలతో గ్రుచ్చితివి, దాని ఫలమిదియని ధర్ముడు లెక్క చూపెను. తెలియని వయసున చేసిన స్వల్ప దోషమునకు ఇంత దండనమా యని ముని కోపించి, పదునాలుగేండ్ల వఱకు చేసినది పాతకము కాదనియు, ఆ పైని చేసినవారికే దోషమంటుననియు మేర నిర్ణయించి, ధర్ముని భూలోకమున పుట్టుమని శపించెను. ఆ ధర్ముడే విదురుడు. ఈ కథలో తప్పు చేసినవారిరువురు: రాజు, ధర్ముడు. రాజు తప్పును తనదన్నాడు, మన్నన పొందినాడు. ధర్ముడు లెక్కల పుస్తకము చూపి తన తీర్పును సమర్థించుకొన్నాడు, శాపము పొందినాడు. న్యాయమునకే అధిదేవతయైనవాడు సైతము తన తప్పునకు తాను జవాబుదారి కావలసినదేయని చెప్పిన కవి హృదయము ఎంత దొడ్డది! పైగా పదునాలుగేండ్ల తరువాత ఎవరికిని మినహాయింపు లేదు. పెద్దకులమనియు, పెద్ద ఉద్యోగమనియు, పెద్దవయస్సనియు అందు ఏ యపవాదమును వ్రాయబడలేదు.

గ్రహచారము, తలవ్రాత అను గడపలును మనకు కలవు. వీని కెల్ల ఆదిపురుషుడు ధృతరాష్ట్రుడు. యుద్ధవార్తలు వినుచు కొడుకులు కూలినప్పుడెల్ల ఆయన దైవము బలీయమని నిట్టూర్చును. సంజయుడు సేవకుడయ్యును ఊరకుండక, ఇది నీవు చేసినదే, నాడు నీవు వినకపోవుటయే దీనికి మూలమని మొగము మీదనే పలుమాఱు చెప్పును. అట్టి సంజయుడొకడు ప్రతి కచేరియందును ఉండిన దేశమెంతో బాగుపడును. కాని నేటి సంజయులకు బదిలీ భయము.

ఇక పురాణములు విడిచి ఇటీవలి చరిత్రకు వత్తము. 1919వ సంవత్సరము ఏప్రిలు నెల. ఒకే నెలలో, ఒకే దేశమున, రెండు తప్పులు. ఏప్రిలు 13వ తేదిని అమృతసరములోని జలియన్‌వాలా బాగులో జనరలు డయ్యరు నిరాయుధులైన ప్రజలమీద సుమారు పది నిమిషములు తుపాకులు కాల్పించెను. పేలిన గుండ్లు 1,650. చనిపోయినవారు 379 మందియని సర్కారు లెక్క. ప్రజల లెక్క అంతకు చాల హెచ్చు. ఆ సంవత్సరము నవంబరులో హంటరు విచారణ సంఘము నెదుట అతడు సాక్ష్యమిచ్చుచు, కాల్పులు లేకయే గుంపును చెదరగొట్టగలిగియుండవచ్చునని యొప్పుకొనియు, తాను చేసినది తన ధర్మమేయని నిలిచెను. గాయపడినవారి సంగతి చూచుట తన పని కాదనెను. ఉద్యోగము పోయినది, కాని ఇంగ్లండులో ఒక పత్రిక చందాలు పోగుచేసి 26 వేల పౌనులకు పైగా అతనికి సమర్పించినది.

ఆ నెలలోనే గాంధీమహాత్ముడు పంజాబునకు పోవుచుండగా ప్రభుత్వము దారిలో పట్టి వెనుకకు పంపినది. ఆ వార్తకు అహమ్మదాబాదు, వీరంగాము మొదలగు చోట్ల జనులు రెచ్చిపోయి దహనములకును, హత్యలకును దిగిరి. ఆయన వానిని చేయించలేదు, చేయవలదనియే బోధించినవాడు. "దుర్ఘటనలు జరిగినవి, చింతించుచున్నాను" అని యూరకున్నను ఎవరును తప్పుపట్టియుండరు. ఆయన మూడుదినములు ఉపవసించి, నడియాదులో సభ యెదుట తన పొరపాటు హిమాలయమంతటిదని చెప్పెను. ఏమి పొరపాటు? ఇచ్చటనే పాఠకులు నిదానింపవలెనని మా మనవి. జనులు హింస చేసిరని ఆయన చెప్పలేదు. చట్టములను ఇష్టపూర్వకముగా పాటించి అలవడినవారికి గాని వానిని ధిక్కరించు అధికారము పుట్టదు. ఆ యోగ్యత జనులకు కలుగకముందే శాసనోల్లంఘనమునకు తాను వారిని పిలిచితిననియు, ఆ తొందరపాటు తనదనియు చెప్పెను. తప్పునకు తేదీ యున్నది, రూపమున్నది, కర్త యున్నాడు. ఏప్రిలు 18వ తేదిని సత్యాగ్రహమును నిలిపివేసెను. ఎందఱో నవ్విరి. అట్లు ఒప్పుకొన్నందుకు తానెన్నడును చింతింపలేదని తరువాత ఆయనయే తన యాత్మకథలో వ్రాసికొనెను.

నూఱేండ్లు గడచినవి. 2019 ఏప్రిలులో బ్రిటిషు ప్రధానమంత్రిణి థెరిసా మే తమ పార్లమెంటులో జలియన్‌వాలా బాగు ప్రస్తావన తెచ్చి, జరిగినదానికి, దానివలన కలిగిన బాధకు ప్రగాఢ విచారము వెలిబుచ్చిరి. క్షమాపణ యను పదము మాత్రము నోట వెడలలేదు. సామ్రాజ్యము పోయినది, సైన్యము పోయినది, కాల్పించినవాడు పోయినాడు. కర్తలేని క్రియ మాత్రము నూఱేండ్ల తరువాతను చెక్కుచెదరక నిలిచియున్నది. పొరపాటు జరిగినదను మాటను మన గుమాస్తా లెచ్చట నేర్చిరో యను శంక మాకు చిరకాలముగా కలదు.

గాంధీ మహాత్ముని ఒప్పుకోలు ప్రతిసారియు నందఱకు సుఖమునే కలిగించినదని చెప్పుట మా యుద్దేశము కాదు. 1922 ఫిబ్రవరి 4వ తేదిని చౌరీచౌరాలో జనసమూహము ఠాణాకు నిప్పుపెట్టి 22 మంది పోలీసులను బలిగొన్నప్పుడు ఆయన బార్డోలిలో ఉద్యమమును ఆపించి, అయిదు దినములు ఉపవసించెను. అప్పటికి మన గుంటూరు జిల్లాలో పెదనందిపాడు ప్రాంతపు రైతులు పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున పన్నులు చెల్లింపక, జప్తుల కోర్చి, ఎవరి మీదను చేయి యెత్తక నిలిచియుండిరి. గోరఖపూరు జిల్లాలో చేసిన తప్పునకు వీరు పన్ను కట్టవలసివచ్చినది. చెఱలోనున్న మోతీలాలు నెహ్రూ, లజపతిరాయి వంటివారు కటువుగా ఆక్షేపించిరి. నాయకుడు తన తప్పును తన ఒడిలో కట్టుకొన్నప్పుడు దాని బరువులో కొంత అనుచరుల భుజముల మీద పడుటయు కద్దు. పెదనందిపాడు రైతుల మనఃక్లేశమును తక్కువ చేసి చెప్పు హక్కు మనకు లేదు. అయినను ఒక్క సంగతి. ఆ మార్చి 18వ తేదిని అహమ్మదాబాదు న్యాయస్థానమున ఆయన చౌరీచౌరా దోషము నుండి తాను తప్పించుకొనజాలనని చెప్పి, చట్టమున నున్నంత పెద్దశిక్షను కోరి, ఆరేండ్లు చెఱ పొందెను. ఇతరులకు కలిగించిన నష్టములో తన భాగమును ఆయన ముందుగనే చెల్లించెను.

స్వరాజ్యము వచ్చిన తరువాతి యుదాహరణములలో లాల్ బహదూరు శాస్త్రిగారి రాజీనామాను మన ఉపన్యాసకులు తఱచుగా నెత్తుదురు. 1956 సెప్టెంబరులో, నాటి హైదరాబాదు రాష్ట్రములోని మహబూబునగరమునొద్ద వంతెన కూలి రైలు పడి నూఱుమందికి పైగా మృతి చెందిరి. రైల్వేమంత్రియైన శాస్త్రిగారు రాజీనామా యిచ్చిరి, నెహ్రూగారు అంగీకరింపలేదు. నవంబరులో అరియలూరునొద్ద మఱియొక రైలు పడి 140 మందికి పైగా చనిపోగా ఆయన మరల నిచ్చిరి, ఈసారి అంగీకరించిరి. అంగీకరించుచు నెహ్రూగారు, ఈ ప్రమాదమునకు శాస్త్రిగారు బాధ్యులని కాదనియు, రాజ్యాంగ మర్యాదకు నిదర్శనముగా నుండుటకనియు స్పష్టము చేసిరి. ఆ మర్యాద గొప్పది; శాస్త్రిగారు మాన్యులు. కాని అది ఇతరుల తప్పును అధికారి తలకెత్తుకొనుట. మేమిచ్చట విచారించుచున్నది తన తప్పును తాను చెప్పుకొనుట. మొదటిదానికి చప్పట్లు వచ్చును. రెండవదానికి తల వంగును. నేటి రాజకీయములలో "నైతిక బాధ్యత" యను పదము వినబడినప్పుడు, చేసినదేమో చెప్పకుండ గౌరవముగా తప్పుకొనుటకు దానిని వాడుచున్నారాయని పరీక్షించుట పాఠకుల ధర్మము.

ఈ రెండును ఒకేచోట కూడిన ఘట్టము మన తెలుగుగడ్డ మీదనే జరిగినది. నాటి నెల్లూరుజిల్లాలోని శ్రీహరికోట నుండి 1979 ఆగస్టు 10వ తేదిని మన దేశపు తొలి ఉపగ్రహవాహక రాకెట్టును ప్రయోగించిరి. అది రెండవదశలో అదుపు తప్పి, మొత్తము 317 సెకండ్లలో సముద్రమున కూలినది. ఆ కార్యమునకు నాయకుడు అబ్దుల్ కలాము. సంస్థాధ్యక్షుడైన సతీష్ ధావన్ పత్రికలవారి నడుమ తానే కూర్చుండి వైఫల్యమును తన మీద వేసికొనెను. మఱుచటి సంవత్సరము జూలై 18వ తేదిని రోహిణి యుపగ్రహము కక్ష్యలో చేరినప్పుడు, ఆ సమావేశమున మాటలాడుమని కలామునే ముందునకు నెట్టెను. ఇంతవఱకు దేశమున ప్రతి పాఠశాల బాలునకు తెలిసిన కథయే.

అంతగా వినబడని భాగము మఱియొకటి కలదు. ప్రయోగము కూలిన తరువాత శాస్త్రజ్ఞులందఱు సమీక్షకు కూడిరి. ప్రయోగమునకు కొన్ని నిమిషముల ముందు రెండవదశ నియంత్రణ వ్యవస్థలో నైట్రికు ఆమ్లము కారుచున్నట్లు కనబడినది. ఆ కారుట లెక్కింపదగినది కాదని తలచి ప్రయోగము సాగించిరి. కవాటమొకటి మూసికొనకపోవుటకు శాస్త్రీయమైన కారణములను సహోద్యోగులు వివరించిరి; అవి సమంజసములేయని సభ తృప్తిపడినది. అందఱును ఊపిరి పీల్చుకొనవచ్చును. అప్పుడు కలాము లేచి, నా సహచరులు చెప్పినవి సాంకేతికముగా సరియే కావచ్చును, కాని ఆ కారుటను స్వల్పమని నిర్ణయించినవాడను నేను, నాయకుడనుగా ప్రయోగమును ఆపవలసినవాడను నేను, కావున ఈ వైఫల్యమునకు బాధ్యుడను నేనని చెప్పెనట. ఈ సంగతి ఆయనయే 1999లో వెలువడిన తన స్వీయచరిత్రలో తెలిపెను. ధావన్ ఆయనను శిక్షింపలేదు, పొమ్మనలేదు, పని యప్పగించెను.

దీనిని మేము ఏల యింతగా చెప్పుచున్నాము? కవాటము చెడిపోయినమాట నిజము. ఆమ్లము కారినమాట నిజము. మాండవ్యుని రాజునకు మూడు నిజమైన సాకులున్నట్లే కలామునకును ఉండెను. పైగా అవి నిపుణులు ఏకగ్రీవముగా చేతికందించినవి. అబద్ధపు సాకును విడుచుట కొంత సులభము. నిజమైన సాకును విడుచుటయే కష్టము. గడప తగిలినమాట నిజమే కదా! ఆ గడప నిన్నను అక్కడనే యున్నదని, చూచి దాటవలసినవాడను నేననియు చెప్పగలవాడే పెద్దవాడు. నేడు బిల్లు తప్పు వచ్చినచో కంప్యూటరు దోషమందురు. పింఛను ఆగిపోయినచో సర్వరు దోషమందురు. యంత్రమునకు నోరు లేదు. దాని పాలిటికి మనమందఱము గడపను కొట్టు తల్లులమైపోతిమి.

ఒప్పుకోలు రూపము దాల్చిన దొంగమాటలు కొన్ని నేడు బజారున మిక్కిలి చెలామణి యగుచున్నవి. "ఎవరి మనోభావములైనను దెబ్బతినియున్నచో విచారించుచున్నాను" అనునది వీనిలో తలమానికము. ఇందు తప్పు చేసినవాడు లేడు. మనసు నొచ్చుకొన్నవాడు మాత్రమున్నాడు, వాడైనను ఉన్నాడో లేడో సందేహమే. ఇంకొకటి దీనికి విపరీతము. తప్పు పట్టుబడినతోడనే గుండెలు బాదుకొని, నావంటి పాపి లేడు, నేను బ్రదుకదగను అని యేడ్చుట. అప్పుడు నష్టపడినవాడు తన నష్టము మఱచి, వీనికి మంచినీళ్లిచ్చి ఓదార్చవలసివచ్చును. చేసిన తప్పొక్కటి, చెప్పుకొన్న పాపములు వేయి, ఆ వేయిలో ఈ యొక్కటి కలిసిపోవును. రెండువందల రూపాయలు తిన్నవాడు లోకములోని సమస్త పాపములను తనపై వేసికొని యేడ్చినచో, ఆ రెండువందలు తిరిగి యిచ్చుట యుండదన్నమాట. పత్రికాలోకమునకును ఈ విషయమున వేఱు వ్యాధి కలదు: తప్పు మొదటిపుటలో పెద్దయక్షరములలోను, సవరణ లోపలిపుటలో వధూవరుల ప్రకటనల ప్రక్కను అచ్చగుచుండును.

ఒప్పుకొన్నచో కోర్టుకు చిక్కుదుమను భయమును కొందఱు చూపుదురు. మన రాజ్యాంగము 20వ అధికరణము ప్రకారము నిందితుని తనకు ప్రతికూలముగా సాక్ష్యమిమ్మని నిర్బంధింపరాదు. పోలీసునొద్ద చేసిన ఒప్పుకోలును అతనిపై సాక్ష్యముగా రుజువు చేయరాదని 1872 నాటి సాక్ష్య చట్టము మొదలు నేటి చట్టము వఱకు చెప్పుచున్నవి. ఈ రక్షణలు కావలసినవే. కొట్టి పలికించినది ఒప్పుకోలు కాదని చట్టమునకు బాగుగా తెలియును. కాని మనలో నూటికి తొంబదితొమ్మిది మంది తప్పులు ఏ కోర్టు మెట్టును ఎక్కునవి కావు. ఆలస్యముగా వచ్చుట, ఇచ్చిన మాట మఱచుట, తమ్ముని వాటాలో కుంటలు కలుపుకొనుట, సహోద్యోగి పని తనదని చెప్పుట. వీనికి రాజ్యాంగపు గొడుగు పట్టుట హాస్యాస్పదము.

ఇంకొక మాట చెప్పక తీరదు. తన తప్పు తానెఱుగుమను బోధ నేడు పైనుండి క్రిందికే ప్రవహించుచున్నది. నకిలీ విత్తనము కొని పైరు పోగొట్టుకొన్న రైతుతో, చూచి కొనవలసినది నీవేయందురు. అమ్మినవానితో నెవరును ఏమియు ననరు. అమ్ముట కనుమతించినవానితో అసలే యనరు. మోసపోవుట పొరపాటు కావచ్చునేమో కాని అపరాధము కాదు. ఎవని చేతిలో ఎంత యధికారమున్నదో అంత బాధ్యత వానిది. ఆణిమాండవ్యుడు గడ్డిపోచ పట్టిన బాలుని విడిచి, దండము పట్టిన ధర్ముని నిలదీసిన సంగతి ఇట్టివారు మఱవరాదు. బలహీనుని చేత బలవంతముగా చెంపలు వేయించుట ఆత్మపరిశీలన కాదు, దౌర్జన్యము.

ఈ విద్యకు పాఠశాల ఇల్లే. మన యిండ్లలో చిన్నవారు పెద్దలకు క్షమాపణ చెప్పుకొను ఆచారము పుష్కలముగా నున్నది. గుంజిళ్లున్నవి, చెంపలు వేసికొనుటలున్నవి. పెద్దవారు చిన్నవారికి చెప్పు ఆచారము మాత్రము లేదు. తండ్రి జేబులో నోటు కనబడదు. కొడుకు తీసినాడని గద్దించును, ఒక దెబ్బయు వేయును. మఱునాడు ఆ నోటు చాకలికి వేయబోవు చొక్కా మడతలో దొరకును. తండ్రి యేమియు మాటలాడడు. సాయంకాలము వచ్చునప్పుడు మిఠాయిపొట్లము తెచ్చి బల్ల మీద పెట్టి, "వాడు తిన్నాడా?" అని భార్య నడుగును. ఆ ప్రశ్నలో ప్రేమ యున్నది; మేము కాదనము. సిగ్గును ఉన్నది. కాని ఆ పిల్లవానికి కావలసినది మిఠాయి కాదు. తాను దొంగను కానని, దొంగయన్నవాని నోటనే వినవలెనని వాని కోరిక. "నేను చూచుకొనక నిన్నంటిని, తప్పు నాదిరా" అని తండ్రి యనుటకు అర నిమిషము పట్టదు. ఆ తల్లి, ఆ చెల్లెలు, నిన్న దెబ్బ వేసినప్పుడు అచ్చట నున్న పొరుగింటివారు వినునట్లు అనినచో మఱియు మేలు; నింద వేసినది నలుగురిలోనే కదా. తండ్రి గౌరవము పోవునని శంకించువారు, పదియేండ్ల తరువాత ఆ కొడుకును ఒంటరిగా కూర్చుండబెట్టి, నాటి మిఠాయి రుచి జ్ఞప్తియందున్నదా, దెబ్బ జ్ఞప్తియందున్నదాయని యడిగి చూతురు గాక.